కుడివైపు షాఫ్టు

మొదటి షాఫ్టు విరిగిన రోజు నాన్న మా తమ్ముడు అనురాగ్‌ను కొట్టలేదు. మాకు నమ్మబుద్ధి కాలేదు. పాల ప్యాకెట్టు మర్చిపోయినందుకు, ఫోను ఎత్తనందుకు, అన్నం దగ్గర ఎదురు మాట్లాడినందుకు వాడు ఎన్నోసార్లు దెబ్బలు తిన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చాక కూడా తిన్నాడు.

అది 2013 మార్చి నెలాఖరు. నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లికి వచ్చే దారిలో, ఒక సన్నటి గల్లీలో మా లేత్ దుకాణం. రెండు లేత్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషను, గోడకు ఆనించిన ఉక్కు కడ్డీలు. నాన్న ప్రహ్లాద్ ముప్పయ్యేళ్లుగా అక్కడే పని చేస్తున్నాడు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక నేనూ అక్కడే కుదురుకున్నాను. డ్రాయింగులు గీసేదాన్ని, కొలతలు చూసేదాన్ని, చిన్న మిషను నడిపేదాన్ని. పెద్ద మిషను తిమ్మయ్య కాకది. నేను పుట్టకముందు నుంచీ ఆయన నాన్న దగ్గరే పనిలో ఉన్నాడు. నాకు మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఆ మధ్యాహ్నం ఒక పాత అంబాసిడర్‌ను తాడుతో కట్టి లాక్కొచ్చి గల్లీ మొదట్లో ఆపారు. బండి రమాకాంత్‌ది. హిమాయత్‌నగర్‌లో వాళ్లకు బట్టల దుకాణం ఉంది. అతనికి డ్రాగ్ రేసుల పిచ్చి. తిన్నటి దారి మీద రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, లైటు పడగానే నాలుగు వందల మీటర్లు దూకాలి. పదమూడు సెకన్లలో పందెం ముగిసిపోతుంది. ఆ పదమూడు సెకన్ల కోసం అతను పాత బండిలో ఎక్కడినుంచో తెచ్చిన ఆరు సిలిండర్ల ఇంజను పెట్టించాడు. దాన్ని నడిపేది అనురాగ్. వాడు డిగ్రీ మధ్యలో వదిలేసి రమాకాంత్ వెంట తిరుగుతున్నాడని నాకూ అమ్మకూ తెలుసు. నాన్నకు ఆ రోజే తెలిసింది.

అనురాగ్ బండి దిగి, కొట్టే చెయ్యి అందనంత దూరంలో నిలబడ్డాడు. నాన్న వాడి వైపు చూడలేదు. రమాకాంత్ చేతిలోని విరిగిన ముక్కను తీసుకుని ఎండలోకి వెళ్లాడు. అది వెనక యాక్సిల్ లోపలి షాఫ్టు. ఇంజను బలాన్ని చక్రం దాకా మోసేది ఆ ఉక్కు కడ్డీయే. ఒక కొసన పళ్లుంటాయి, ఇంకో కొసన చక్రాన్ని బిగించే బిళ్ల ఉంటుంది. ఆ బండిలో చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచేది కూడా అదే. లోపలి కొసన విరిగితే బండి ఆగిపోతుంది. బయటి కొసన విరిగితే చక్రం వెళ్లిపోతుంది. ఆ రోజు విరిగింది లోపల. పళ్లన్నీ తాడులా పురి తిరిగి ఉన్నాయి.

"టాక్సీకి చేసిన ముక్క ఇది. గీ ఇంజనుకు ఎట్ల ఆగుతది?" అన్నాడు నాన్న. తర్వాత అనురాగ్‌ను, ఇంజను ఎంత రేస్ మీద ఉండగా క్లచ్ వదిలావని అడిగాడు. ఐదు వేల చుట్ల మీద అని వాడు నేలను చూస్తూ చెప్పాడు. నాన్న ముక్కను ఇంకోసారి తిప్పి చూశాడు. కొత్తవి తనే చేసిస్తానని రమాకాంత్‌తో అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవలేదు. మా ఇల్లు అశోక్‌నగర్‌లో, సర్కారు పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ల మధ్య ఉంది. నాన్న చెయ్యి చేసుకున్నప్పుడల్లా అమ్మ టీవీ సౌండు పెంచేది, పక్క మేడ మీద చదువుకునే పిల్లలకు వినపడకుండా. ఆ మూడు వారాలు టీవీ మామూలుగా మోగింది. నాన్న అన్నం తింటూ కంచం అంచు మీద వేలితో షాఫ్టు గీసి చూపించేవాడు. ఉక్కు మెత్తగా ఉంటే మెలిపడుతుంది, మరీ గట్టిగా ఉంటే గాజులా పగులుతుంది, రెండింటికీ నడుమ ఉండాలి అని చెప్పేవాడు. అనురాగ్ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అమ్మ అంతకుముందు చూడలేదు. అన్నం వడ్డించడం మర్చిపోయి గరిటె పట్టుకుని నిలబడేది.

నాన్న మంచి ఉక్కు కడ్డీ తెప్పిస్తే తిమ్మయ్య కాక దాన్ని మూడు రోజులు లేత్ మీద తిప్పి చెక్కాడు. పళ్లు నేను కోశాను. బట్టీలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచి దాని పెళుసుతనం తీయించారు. బిగించే ముందు నాన్న షాఫ్టు పొడవునా తెల్ల రంగుతో తిన్నటి గీత గీశాడు. విప్పి చూసినప్పుడు గీత వంకరపోయి ఉంటే షాఫ్టు మెలిపడినట్టే. ఐదు వేలు దాటి రేస్ ఇయ్యొద్దని అనురాగ్‌కు చెప్పాడు. మామూలుగానే చెప్పాడు. అట్లా చెప్పినప్పుడే మేము ఎక్కువ భయపడేవాళ్లం.

ఏప్రిల్‌లో జరిగిన పందెంలో అనురాగ్ రెండో స్థానంలో వచ్చాడు. సోమవారం సాయంత్రం నాన్న దుకాణంలో యాక్సిల్ విప్పించి షాఫ్టులు బయటికి లాగాడు. రెండింటి మీదా తెల్ల గీత పాములా వంకర తిరిగి ఉంది. ఎంత రేస్ మీద వదిలావని అడిగాడు. ఐదు వేలే అన్నాడు అనురాగ్. నాన్న నమ్మలేదు. చేతులు కడుక్కుని, మిషను మీది పాత తోలు పట్టా తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ పట్టా ఇంటికెందుకో నాకు తెలుసు. ఆయన వెనక అనురాగ్, వాడి వెనక నేను ఇంటికి నడిచాం.

ఇంట్లోకి అడుగు పెట్టగానే మొదటి దెబ్బ అనురాగ్ మెడ మీద పడింది. వాడు గోడకు తగిలి కింద కూర్చున్నాడు. నాన్న అరవడు, తిట్టడు. ఊపిరి బిగబట్టి, లెక్కగా, ఒక చోటు తర్వాత ఇంకో చోటు చూసుకుని కొడతాడు. వీపు మీద, తొడల మీద, చేతుల మీద. అమ్మ అడ్డం వచ్చింది. పట్టా చివరి ఇత్తడి క్లిప్పు ఆమె కనుబొమ్మకు తగిలి చర్మం చీలింది. ఆమె ముఖం మీద నెత్తురు చూసి అనురాగ్ లేచి నాన్నను రెండు చేతులతో తోశాడు. వాడు ఎదురు తిరగడం అదే మొదటిసారి. నాన్న ఒక అడుగు వెనక్కి తూలాడు. పట్టా కింద పడేసి, అరచేయి చాచి, వాడి ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ చప్పుడు ఇంకో గదిలో ఏదో పగిలినట్టు వినిపించింది. అనురాగ్ నోరు తెరిచాడు గాని అరవలేదు. వాడి చెవిలోంచి సన్నగా నెత్తురు కారి చొక్కా కాలర్‌లోకి పోయింది.

నేను తలుపు గడియ పెట్టి దానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. పక్క మేడ మెట్ల మీద హాస్టల్ పిల్లలు ఎక్కుతున్న చప్పుడు వస్తోంది, వాళ్లు చూడకూడదనుకున్నాను. ఆ సాయంత్రం నేను చేసిన పని అదొక్కటే.

చెవి పొర చిరిగిందని, ఆ వైపు ఇక సరిగా వినపడదని డాక్టరు చెప్పాడు. మెట్ల మీంచి పడ్డాడని అమ్మ చెప్పింది. తన కనుబొమ్మ మీద మూడు కుట్లు వేయించుకుంటూ చెప్పింది. డాక్టరు ఇద్దరినీ చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున నాన్న దుకాణంలో కొత్త డ్రాయింగు అడిగాడు. ఈసారి షాఫ్టు ఇంకో మూడు మిల్లీమీటర్లు లావుండాలి, మే మూడో ఆదివారం పందేనికి అందాలి. అనురాగ్ కూడా వచ్చాడు, చెవిలో దూది పెట్టుకుని. ఎందుకు వచ్చావని అడిగాను. "ఆ బండి నడిపేటప్పుడు నాకు ఇంకేం యాదికి రాదక్కా," అన్నాడు.

కొత్త షాఫ్టులను అజామాబాద్‌లో ఒక బట్టీకి తీసుకుపోయారు. ఆ ఎండాకాలం కరెంటు కోతలు ఎక్కువ. కార్ఖానాలకు వారంలో కొన్ని రోజులు కరెంటే లేదు. పందేనికి ముందు శుక్రవారం బట్టీ వాళ్లకు కరెంటు ఉంటుందని తెలిసి, నాన్న అనురాగ్‌ను అక్కడ కూర్చోబెట్టాడు. పని అయ్యేదాకా బట్టీ ముందు నుంచి లేస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడు.

వాడు లేవలేదు. పొద్దున ఏడింటి నుంచి అక్కడే కూర్చున్నాడు. షాఫ్టులను ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం చూశాడు. పెళుసు తీయడానికి మళ్లీ బట్టీలో పెట్టినప్పుడు టైము చూసుకున్నాడు. మూడు గంటలు ఉండాలి. గంట గడిచాక కరెంటు పోయింది. రెండు గంటలు ఎదురు చూశాడు. బట్టీ చల్లబడింది. కరెంటు వచ్చాక వాళ్లు వేరేవాళ్ల సరుకు లోపల పెట్టుకుని, మీది సరిపోతుంది పో అన్నారు. వాడు బతిమాలాడు, కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. చివరికి రెండు షాఫ్టులను గోనెసంచిలో చుట్టుకుని ఆటోలో దుకాణానికి వచ్చాడు.

అప్పుడు దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. నాన్న బేరింగులు తేవడానికి పోయాడు, తిమ్మయ్య కాక అన్నానికి పోయాడు. వాడు జరిగిందంతా చెప్పి సంచి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

నేను ఇనుము అరగదీసే ఆకురాయి తీసుకున్నాను. ఇనుము గట్టిదనం చూడటానికి మా దుకాణంలో వేరే మిషను లేదు. సరిగ్గా ఉన్న షాఫ్టు మీద ఆకురాయి నెమ్మదిగా పట్టుకుంటుంది, సన్నటి పొడి రాలుతుంది. మరీ గట్టిగా, పెళుసుగా ఉంటే గాజు మీద పెట్టినట్టు జారుతుంది. ఎడమ షాఫ్టు మీద పెట్టాను. జారింది. కుడిది కూడా జారింది. చోటు మార్చి మళ్లీ పెట్టాను, ఇంకా బలంగా నొక్కాను. పొడి రాలలేదు.

రేపు మళ్లీ బట్టీలో పెట్టిద్దామన్నాను. రేపు అక్కడ కరెంటు ఉండదు, ఎల్లుండి పందెం అన్నాడు. పందేనికి పోవద్దు, ఉన్నదున్నట్టు నాన్నకు చెబుదాం, నీ తప్పేం లేదు కదా అన్నాను. వాడు నవ్వాడు. తప్పెవరిదని నాన్న ఎప్పుడు అడిగాడన్నాడు.

"అక్కా, ఒక చెవ్వు పోయింది," అన్నాడు. "ఇంకోటి గూడ తీస్తడు. ఐదారు సార్లు దూకితే చాలు. షాఫ్టు లావున్నది, ఆగుతది. సోమారం తీసేసి మళ్ల బట్టీల పెడ్దం."

అర్ధగంటకు నాన్న వచ్చాడు. సంచి విప్పి షాఫ్టులను చేత్తో నిమిరాడు. అనురాగ్ మిల్లింగ్ మిషను వెనక నిలబడి ఉన్నాడు.

"ఆకురాయి పెట్టినవా?" అని నన్ను అడిగాడు.

"పెట్టిన."

"పట్టిందా?"

"పట్టింది నాన్నా."

ఆయన తలూపాడు. సంయుక్త చూస్తే తను చూసినట్టేనని కస్టమర్లతో చెప్పుకునేవాడు. మళ్లీ పరీక్షించలేదు. రంగు డబ్బా మూత తీసి తెల్ల గీత గీయడం మొదలుపెట్టాడు.

పందెం ఊరి బయట, విమానాలు దిగని పాత రన్‌వే మీద. ఆదివారం పొద్దున పదింటికే సిమెంటు మీంచి సెగ వస్తోంది. రెండు వైపులా ఇసుక బస్తాలు పేర్చారు, వాటి వెనక జనం గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. నాన్న, తిమ్మయ్య కాక, నేను రమాకాంత్ బండితో పాటు బయల్దేరే గీత దాకా పోయాం. దూకేటప్పుడు చక్రాలు అదురుతున్నాయేమో చూడాలని నాన్న అన్నాడు. తను ఎడమ వైపు నిలబడి, కుడి వైపు కాకను నిలబెట్టాడు. బస్తాల వెనక నుంచి సరిగా కనపడదని, నాలుగడుగులు ముందుకు రమ్మన్నాడు. కాక వచ్చాడు. నేను ఆయన వెనక, బస్తాల దగ్గర ఉన్నాను.

ఒక్క మాట చెబితే చాలు. అనురాగ్ హెల్మెట్ పెట్టుకుంటున్నప్పుడు చెప్పవచ్చు. నాన్న వంగి టైర్లు చూస్తున్నప్పుడు చెప్పవచ్చు. వందమంది ముందర, ఆ ఎండలో, నాన్న చేతిలో జాకీ రాడ్ ఉండగా చెప్పలేకపోయాను.

మొదటిసారి బాగానే పోయింది. రెండోసారి పన్నెండున్నర సెకన్లు పట్టింది, రమాకాంత్ గంతులు వేశాడు. నాన్న నవ్వుతూ పోయి, తిరిగొచ్చిన అనురాగ్ భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి పడగానే వాడి తల పక్కకు వంగి, మోచెయ్యి ముఖానికి అడ్డం లేచింది. నాన్న చూశాడు. చెయ్యి తీసేశాడు.

మూడోసారి లైటు పడింది. వెనక చక్రాలు పొగ లేపుతూ తిరిగాయి, బండి ముందు భాగం గాల్లోకి లేచింది. టైర్లు ఒక్కసారిగా సిమెంటును పట్టుకున్నాయి. అప్పుడు తుపాకీ పేలినట్టు ఒకటే చప్పుడు. కుడి చక్రం బండిని వదిలేసింది. అంత వేగంగా తిరుగుతున్నది, నేలకు తగిలి ఎగిరి, మోకాలెత్తున దూసుకొచ్చి కాకను తీసుకుపోయింది. ఆయన నిలబడిన చోట ఎవరూ లేరు. బస్తాలకు తగిలి పడి ఉన్నాడు. చక్రం ఇంకా జనం మధ్య దొర్లుతోంది, మనుషులు అరుస్తూ చెదిరిపోతున్నారు. బండి కుడివైపు కూలి, ఇనుము సిమెంటును గీరుతూ అడ్డం తిరిగి, ఇసుక బస్తాలను ఢీకొని బోర్లా పడింది.

నేను కాక దగ్గరికి ఉరికాను. కుడి మోకాలి కింద కాలు ఇంకో వైపుకు తిరిగి ఉంది. ఎముక బయటికి వచ్చింది. నెత్తురు గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి చిమ్ముతోంది. చున్నీ తీసి తొడ మీద బిగించి, దానిలో ఒక పానా దూర్చి మెలితిప్పి పట్టుకున్నాను. వదిలితే మళ్లీ చిమ్మింది. ఇక వదలలేదు. కాక కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు.

నాన్న కాక దగ్గరికి రాలేదు. చక్రం పడిన చోటికి పోయి, దానికి అంటుకుని ఉన్న షాఫ్టు ముక్కను వంగి చూశాడు. నేను కూర్చున్న చోటికే ఆ విరుపు కనిపించింది. మెలిక లేదు, సాగడం లేదు. పటికబెల్లం ముక్క విరిగినట్టు తళతళలాడుతూ ఉంది. ఆయనకు అర్థం కావడానికి అంతకన్నా ఏం కావాలి?

బోర్లా పడిన బండిలోంచి రమాకాంత్ వాళ్లు అనురాగ్‌ను బయటికి లాగుతున్నారు. వాడి కుడి భుజం వేలాడుతోంది. నాన్న వాళ్లను పక్కకు నెట్టి, వాడి చొక్కా పట్టుకుని లేపాడు. బట్టీ కాడి నుంచి లేచినవా అని అడిగాడు. వాడు లేదన్నాడు. నాన్న జాకీ రాడ్‌తో కొట్టాడు. పక్కటెముకల మీద కొట్టాడు, విరిగిన భుజం మీద కొట్టాడు. వాడు కూలిపోయాక కాలితో తన్నాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. వాడు లేదు నాన్నా, లేవలే అంటూనే ఉన్నాడు. నా పేరు మాత్రం చెప్పలేదు.

నేను లేవలేను. చేతిలో పానా ఉంది. కూర్చున్న చోటి నుంచే అరిచాను.

"నాన్నా, ఆకురాయి జారింది. పట్టిందని నేనే అబద్ధం చెప్పిన."

ఆయన ఆగాడు. పట్టుకున్నవాళ్లను విదిలించుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. రాడ్ ఇంకా చేతిలోనే ఉంది. ఆయన కాళ్లు కాక నెత్తుటిలో పడ్డాయి.

"ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు కొడ్తవని."

ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా. ఇప్పుడు ఎడమ చేత్తో కొట్టాడు. నా తల బస్తాకు తగిలింది, నోట్లో ఉప్పగా నెత్తురు ఊరింది. చెయ్యి మాత్రం పానా మీంచి కదలలేదు. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచి, నా చేతి వైపు, దాని కింద ఉన్న కాలి వైపు చూశాడు. రాడ్ కింద పడేశాడు. అంబులెన్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిమ్మయ్య కాక కాలును మోకాలి పైన తీసేశారు. అనురాగ్‌కు భుజం ఎముక, నాలుగు పక్కటెముకలు విరిగాయి. బండి పల్టీ కొట్టినప్పుడు ఎన్ని విరిగాయో, తర్వాత ఎన్ని విరిగాయో డాక్టరు చెప్పలేకపోయాడు. పోలీసులు అడిగినప్పుడు నాన్న, షాఫ్టు తను చేసిందే, చూసి పంపింది తనే అన్నాడు. నా పేరు రానివ్వలేదు. రెండు రోజులు లోపల ఉంచి, బెయిలు మీద వదిలారు.

అనురాగ్ ఆస్పత్రిలో అమ్మతో ఒక్కటే మాట చెప్పాడట. నాన్న ఉన్న ఇంటికి తను రానని. వాడిని తీసుకొచ్చే రోజు సాయంత్రం నాన్న దుకాణం నుంచి వచ్చేసరికి, ఆమె గడప మీద నిలబడి ఉంది. పక్కన సంచి. అందులో ఆయన బట్టలు, దువ్వెన, బీపీ గోలీలు.

"దుకాణంల పండుకో," అంది. "అన్నం సంయుక్త తెస్తది."

పక్క హాస్టల్ బాల్కనీలో ఇద్దరు పిల్లలు పుస్తకాలు పట్టుకుని చూస్తున్నారు. అమ్మ గొంతు తగ్గించలేదు. కనుబొమ్మ మీద కుట్లు తీసిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. నాన్న నా వైపు తిరిగి, నువ్వన్నా చెప్పు అన్నాడు. నేను సంచి అందుకుని మెట్లు దిగాను. కాసేపటికి ఆయన చెప్పుల చప్పుడు వెనక వినిపించింది. దుకాణంలో రెండు మిషన్ల నడుమ ఇనుప పొట్టు ఊడ్చి చాప పరిచాను. ఆయన దాని మీద కూర్చుని, తలుపు దగ్గరికి వేసి పొమ్మన్నాడు.

అప్పటి నుంచి ఆయన పడక అక్కడే. రాష్ట్రం వేరయినాక కూడా అక్కడే. అనురాగ్ ఒళ్లు కుదుటపడ్డాక ఒక కార్ల షోరూంలో పనికి కుదిరాడు. మళ్లీ పందెం బండి ఎక్కలేదు. ఇల్లు మాత్రం వదల్లేదు. నాన్నను మళ్లీ ఇంటికి రానివ్వడం గురించి అమ్మ ఆలోచించలేదు. పెద్ద మిషను నేను నడుపుతున్నాను. నాన్నా నేనూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురెదురుగా పని చేస్తాం, కొలతలు తప్ప ఎక్కువ మాట్లాడుకోం.

ఆ ఏడే జూన్ రెండో వారంలో కాకను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. నాన్నే ఆ మాట మోసుకొచ్చాడు. మధ్యాహ్నం మిషను ఆపేసి, తిమ్మయ్య వచ్చిండట, పోదాం అన్నాడు. అక్కడ ఏం చెబుతావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెబుతానన్నాను. ఆయన చొక్కా మార్చుకున్నాడు.

గాంధీనగర్‌లో కాక ఇల్లు రెండు గదులు. అప్పుడే వాన కురిసి వెలిసింది. కాక మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు, దుప్పటి ఒకవైపు నేల దాకా చదునుగా పడి ఉంది. ఆయన భార్య అన్నపూర్ణమ్మ మమ్మల్ని చూసి పక్కకు జరిగింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నాన్న గడప బయటే ఆగిపోయాడు. నేను లోపలికి పోయి, నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. కరెంటు పోయిన సంగతి, ఆకురాయి సంగతి, పట్టిందన్న మాట. ఆయన వింటున్నంతసేపు నా ముఖమే చూశాడు.

"నాకన్న జెప్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు చివరికి.

ఎందుకు చెప్పలేదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, గడప వైపు చూశాడు.

"సేటు. ఆ పోరన్ని నువ్వు దుకాణంల ఎన్నిసార్లు గొట్టినవో నాకు లెక్కలేదు. పదేండ్ల పోరన్నప్పటి సంది చూస్తున్న. ఒక్కనాడు గూడ నీ చెయ్యి పట్టుకోలే. వాని ఏడుపు ఇనవడొద్దని మిషను ఇంక జోరుగ నడిపిన."

నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రోజూ ఒకసారి వచ్చి చూసి పోతానన్నాడు, అడుగుతున్నట్టు.

"నువ్వు రాకు," అన్నాడు కాక. "బిడ్డను పంపు."

అన్నపూర్ణమ్మ లోపలి నుంచి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఒకటి నా ముఖం చూడకుండా నా ముందు నేల మీద పెట్టింది. రెండోది పట్టుకుని, గడప దగ్గరున్న నాన్నను, మంచం మీదున్న మొగుణ్ని మార్చి మార్చి చూసింది. కాక ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె లోపలికి పోయి ఆ నీళ్లు మళ్లీ బిందెలో పోసింది.